నాగక్క పేరు దాచబోయి

సీతారావమ్మకు భయం పుట్టుకతోనే వచ్చిందని వాళ్లమ్మ అంటుండేది. మధిరలో రైలుగేటు పక్కనే ఇల్లు. అయినా పెళ్లయ్యేదాకా ఒక్కత్తే రైలెక్కి ఎరగదు. అలాంటి మనిషి, భర్త బసవపున్నయ్యకు దుమ్ముగూడెం బడికి బదిలీ అయితే, 1991లో భద్రాచలం వచ్చి కాపురం పెట్టింది. అడవి పల్లెల్లో జ్వరాలకు మందులిచ్చే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో టైపిస్టుగా చేరింది.

1996లో ఎవరో ఆ సంస్థకు ఒక పాత కంప్యూటరూ మోడెమూ ఇచ్చారు. సంస్థ నడిపే డాక్టర్ వెంకటప్పయ్య వాటిని తెచ్చి ఆమె బల్ల మీద పెట్టించాడు.

"టైపు మిషనే అనుకోమ్మా. పైన టీవీ ఒకటి ఎక్కువ, అంతే."

రోజుకు రెండుసార్లు ఆ మిషను హైదరాబాదుకు ఫోను కలిపి ఉత్తరాలు పంపేది, వచ్చినవి తెచ్చుకునేది. మోడెం కీచుమన్నప్పుడల్లా మొదటి నెలంతా ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది.

ఉత్తరాలు పంచే పని ఒక మెయిలింగ్ లిస్టు ప్రోగ్రాంది. ఒకరు రాసింది జాబితాలో ఉన్న అందరికీ అదే చేరవేస్తుంది. ఏయే దేశాలవాళ్లో ఒకరి మొహం ఒకరు చూడకుండానే కలిసి రాసిన ప్రోగ్రాం అది. లోపల ఏముందో ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు, కావలసినట్టు మార్చుకోవచ్చు, మార్చింది మళ్లీ పదిమందికీ ఇవ్వొచ్చు. సీతారావమ్మ దాన్ని అచ్చుతప్పులు వెతికే కళ్లతో చదవడం మొదలుపెట్టింది. ఏడాది పట్టింది. అర్థం కానిచోట పెన్సిలుతో గీత పెట్టుకుని, మర్నాడు మళ్లీ అక్కడికే వచ్చేది.

ఆమె చేసిన మొదటి మార్పు చర్ల వైపు ఆరోగ్య కార్యకర్తలు అడిగింది. "మాకు కంప్యూటర్ లేదు, కరెంటు గూడ సక్కగ లేదు. మాకు కాగితం మీద రాదా?" అన్నారు వాళ్లు. ఈమెయిల్ లేనివాళ్లకు వెళ్లాల్సిన ఉత్తరం ఊరి పేరుతో సహా ప్రింటు అయ్యేట్టు ఆమె ప్రోగ్రాంలో ఒక భాగం చేర్చింది. ఆ కాగితాలు చర్ల బస్సులో వెళ్లేవి. ఆ మార్పును ప్రోగ్రాం రాసేవాళ్లకూ పంపితే, మెల్‌బోర్న్‌లో ఒక గ్రంథాలయ ఉద్యోగి జవాబు రాశాడు, తమ దగ్గర ముసలివాళ్లు సరిగ్గా ఇదే అడుగుతున్నారని. సీతారావమ్మ ఆ జవాబు మూడుసార్లు చదివింది. తన పని వల్ల భయం కాక ఇంకోటి కలగడం ఆమెకు కొత్త.

1998 వానల్లో నాగక్క వచ్చింది.

నాగక్క చర్ల అవతల, బస్తర్ సరిహద్దుకు దగ్గర పల్లెలో సంస్థ తరఫున పనిచేసే కోయ మనిషి. ముప్పై ఏళ్లుంటాయి. జ్వరాల సంగతి కాగితం మీద రాసి పంపేది. సీతారావమ్మ దాన్ని టైపు చేసి నాగక్క పేరుతోనే లిస్టులో పెట్టేది. ఆ రోజు కాగితం పంపకుండా తనే వచ్చింది. తడిసిన చీరతో గుమ్మం దగ్గరే నిలబడింది.

"అక్కా, నా పేరు లేకుండ పంపరాదా?"

"ఏమైంది నాగక్కా?"

"మొన్న పోలీసు క్యాంపుకు పిలిచిన్రు. మీ ఊర్ల పిల్లలు సచ్చిపోతున్రని బయటికి రాసేది ఎవరని అడిగిన్రు. నాకు ఎర్క లేదన్న." గొంతు తగ్గించింది. "ఆ తర్వాత అడివి లోపలోళ్లు, అన్నలు వచ్చిన్రు. క్యాంపుకు ఎందుకు పోయినవ్, ఎవరికి ఏం రాస్తున్నవ్ అన్నరు. ఇద్దరికీ నేనే కనబడుతున్న."

"పోనీ, రాయడం ఆపేస్తే?"

"ఆపితే మందులెట్ల వస్తయి?"

సీతారావమ్మ కంప్యూటర్ వైపు కుర్చీ తిప్పింది. ఐదు రోజులు కూర్చుని ప్రోగ్రాంలో ఇంకో భాగం చేర్చింది. రాసినవాళ్లు కోరితే ఉత్తరం పైన పేరు బదులు 'ఒక సభ్యురాలు' అని వస్తుంది. తనకు తనే పంపుకుని చూసుకుంది. పేరు లేదు. ప్రింటు తీసింది. అందులోనూ లేదు. నాగక్క ఉత్తరాలు మూడు వారాల్లో మూడు వెళ్లాయి. జాబితాలో ముప్పై ఎనిమిది మంది. డాక్టర్లు, టీచర్లు, జిల్లా ఆఫీసుల్లో ఇద్దరు, ఒక పత్రిక విలేఖరి. ఈ మార్పు కూడా నలుగురికీ పనికొస్తుందని బయటికి పంపింది.

అలా పంపిన పన్నెండో రోజు మెల్‌బోర్న్ నుంచి ఉత్తరం వచ్చింది. మర్యాదగానే రాశాడు. మీ ఆలోచన మంచిది, కానీ పేరు పైన మాత్రమే పోయింది. ఉత్తరం వెనక మామూలుగా కనపడని వరుసలుంటాయి కదా, ఎవరు రాసిందీ ప్రోగ్రాం తన గుర్తుకోసం అక్కడ రాసుకుంటోంది. ఒక్క మీట నొక్కితే ఎవరికైనా కనపడుతుంది.

ఆమె ఆ మీట నొక్కింది.

తెర మీద గజిబిజి అక్షరాల మధ్య నాగక్క పేరు, పక్కనే ఊరి పేరు. రెండో ఉత్తరం తెరిచింది. ఉంది. మూడోది. ఉంది.

మోడెం వైరు పీకేసింది. ఇప్పుడు పీకి ఏం లాభమని అప్పుడే తోచింది. వెళ్లిపోయిన ఉత్తరాన్ని వెనక్కి పిలిచే ప్రోగ్రాం ఎవరూ రాయలేదు.

డాక్టర్‌కు అంతా చెప్పింది. "ఆ వరుసలు ఎవరు చూస్తారమ్మా?" అన్నాడు ఆయన.

"మెల్‌బోర్న్ ఆయన చూశాడు కదా సార్!"

బసవపున్నయ్యకు చెబితే తలుపు మూసి వచ్చాడు. "సరిచేస్తావు కదా, ఊరుకో. ఆమెకు చెప్పావంటే ఆ మాట నలుగురికీ పాకుతుంది. రేపు క్యాంపువాళ్లు నిన్ను పిలుస్తారు. తట్టుకోగలవా?"

"తట్టుకోలేను," అంది సీతారావమ్మ. నిజమే చెప్పింది.

మర్నాడు పొద్దున చర్ల బస్సెక్కింది. డాక్టర్ క్లోరోక్విన్ మాత్రల డబ్బాలిచ్చాడు, వెళ్లడానికి ఒక కారణం ఉండాలి కదా. బస్సు గుంతల్లో ఊగుతుంటే సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చర్లలో దిగి ఎక్కిన జీపును క్యాంపు ముందు ఆపి అందరినీ దింపారు. అప్పుడు గుర్తొచ్చింది. నాగక్కకు చూపిద్దామని ఆ కనపడని వరుసలన్నీ ప్రింటు తీసి, మడిచి, మాత్రల డబ్బాల కింద పెట్టింది తనే. ఏ పేరు దాచబోయి ఇంత దూరం వచ్చిందో ఆ పేరు తన సంచీలోనే ఉంది.

కానిస్టేబులు డబ్బాలు తీశాడు. కాగితం తీశాడు. విప్పాడు.

"ఏందమ్మా ఇది?"

అతను కాగితాన్ని అటూ ఇటూ తిప్పి లోపలికి తీసుకుపోయాడు. ఇంకో ఆయన బయటికొచ్చాడు, చేతిలో అదే కాగితం.

"నాగక్క ఎవరు?"

అబద్ధం ఆలోచించే ఓపిక ఆమెకు లేదు. "మా హెల్త్ వర్కరండి. మందులు ఇవ్వడానికే వెళ్తున్నా."

"మరి ఈ గీతలు, చుక్కలు?"

"కంప్యూటరు రాసిందండి. మిషను చెడిపోతే ఇలా అన్నీ అచ్చవుతాయి."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టాడు. "జల్దీ పోయిరాండ్రి. వాగు పెరుగుతాంది."

నాగక్క ఇంటి ముందు ఇప్పగింజల పలుకు ఆరబెడుతోంది. సీతారావమ్మ కూర్చోకుండానే చెప్పేసింది. తప్పు తనదేననీ, ముప్పై ఎనిమిది మందిలో ఎవరు చూశారో తెలియదనీ, వెనక్కి తీసుకోలేననీ. నాగక్క పని ఆపింది. కాగితం మీద తన పేరున్నచోట వేలు పెట్టి ఉంచింది.

"తిడతావనుకున్నా," అంది సీతారావమ్మ.

"తిట్టొస్తలేదు. భయమైతాంది." కాగితం మడుస్తూ మళ్లీ అంది, "నువ్వు రాకుంటే నాకు ఎర్కనే కాకపోవు. ఇంట్లనే కూసోని ఉందును."

ఆ సాయంత్రంలోగానే నాగక్క మందుల పెట్టె తాళం పక్కింటి పగిడయ్యకు ఇచ్చి, వాగు అవతల తల్లిగారి ఊరికి పోయింది. తొమ్మిది రోజుల తర్వాత ఇద్దరు మగవాళ్లు ఆమె కోసం వచ్చారని పగిడయ్య కబురంపాడు. ఎవరో చెప్పలేదు. ఎందుకో చెప్పలేదు. ఆమె ఊళ్లో లేదని చెబితే వెళ్లిపోయారు. ఉత్తరం చూసి వచ్చారో, ఊరికే వచ్చారో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఆ కబురు విన్న రోజు సీతారావమ్మ అన్నం ముందు కూర్చుని తినలేక లేచింది. తర్వాత చాలా రోజులు ఆఫీసు బయట బండి ఆగిన చప్పుడైతే ఆమె వేళ్లు మీటల మీదే ఆగిపోయేవి.

ఈలోగా మెల్‌బోర్న్ ఆయనా ఆమె కలిసి ఆ తప్పు సరిచేశారు. పేరు ఇప్పుడు ఏ వరుసలోనూ మిగలదు. పోడు చేలు కోతకొచ్చేసరికి నాగక్క తిరిగొచ్చింది. భద్రాచలం వచ్చి సీతారావమ్మ బల్ల ముందు కూర్చుంది.

"మళ్ల రాస్త. కానీ నాకొకటి చేసిపెట్టాలె. పంపకముందు నాకు చూపియ్యాలె. పైది గాదు. అందరికీ ఏది పోతదో అదంత, లోపలున్నది గూడ. నేను అవ్ అన్నంకనే పోవాలె."

ఇంత సూటిగా తనకు తోచలేదే అనుకుంది సీతారావమ్మ. ఆ మార్పుకు రెండు వారాలు పట్టింది. ఇక మీదట రాసినవాళ్ల ఒప్పుదల లేనిదే ఉత్తరం కదలదు. బయటివాళ్లకు పంపేటప్పుడు, ఇది కోరిన మనిషి ఒక పల్లె ఆరోగ్య కార్యకర్త అని మాత్రం రాసింది. పేరు రాయలేదు.

1999 మొదట్లో నాగక్క రాసిన ఉత్తరం చదివి ఖమ్మం నుంచి నలుగురు డాక్టర్లు ఆ పల్లెకు వెళ్లి రక్తపరీక్షలు చేశారు. ఆ ఉత్తరం వెళ్లిన రోజు నాగక్క ఆఫీసులోనే ఉంది. ప్రింటు రెండు వైపులా తిప్పి, కూడబలుక్కుంటూ, గుర్తులతో సహా అంతా చదివింది. సీతారావమ్మ పక్కన నిలబడి పైటకొంగు నలుపుతోంది.

"అవ్," అంది నాగక్క. "పంపు."