నాన్న కళ్ళ మీద తడి దూది

రెండేళ్ళ క్రితం, వానల రోజుల్లో, మా నాన్న నాగాయలంకలోని మా ఇంట్లో తెల్లవారుజామున పోయారు. కళ్ళు దానం చెయ్యాలన్నది ఆయన కోరిక. కబురు చేస్తే మచిలీపట్నం నుంచి కళ్ళు సేకరించేవాళ్ళు బయల్దేరారు కానీ, రోడ్డు మీదికి నీళ్ళొచ్చి దారిలో ఆగిపోయారు. ఆరు గంటల్లోపు తియ్యకపోతే ఆ కళ్ళు ఎవరికీ పనికిరావు.

బాబాయి నావైపు తిరిగాడు. "వాళ్ళెందుకురా, నువ్వున్నావుగా! కళ్ళ డాక్టరువని అన్నయ్య ఊరంతా చెప్పుకునేవాడు."

"నేను డాక్టర్ని కాదు బాబాయ్. గుడ్డులో కోడిపిల్లకి కన్ను ఎలా ఏర్పడుతుందో పరిశోధన చేస్తాను, పాఠం చెబుతాను. మనిషి కన్ను తియ్యడం నాకు రాదు."

"ఇన్నేళ్ళూ కోడిపిల్ల కళ్ళేనా!" అన్నాడాయన. వెక్కిరింపు కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు.

ఫోన్లో వాళ్ళు చెప్పినట్టు నాన్న రెప్పలు మూసి, తడి దూది పెట్టి, తల కింద దిండు ఎత్తు చేశాను. గాలికి కళ్ళు ఎండిపోతాయని ఫ్యాను ఆపాను. గది నిండా జనం. "ఉక్కకి చస్తున్నాం, ఫ్యాను వెయ్యండర్రా" అంటూ మేనత్త వేసేది. నేను మళ్ళీ ఆపేవాణ్ణి. దూది ఆరితే తడిపేవాణ్ణి. అంతకుమించి చేతనైంది లేదు.

వాళ్ళు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వచ్చినావిడ దూది తీసి చూసి, "బాగా కాపాడారండీ. కానీ టైము దాటిపోయింది" అంది.

మేనత్త లేచి ఫ్యాను వేసింది. ఈసారి నేను ఆపలేదు.

కన్ను పుట్టుక గురించి ఇప్పటికీ పాఠం చెబుతున్నాను. నాకు తెలిసినదేదీ ఆ పూట నాన్నకు అక్కరకు రాలేదు.