గావు దక్కని మల్లప్ప

పందొమ్మిది వందల యాభైల చివర, గొర్రెలు కాసే ఆత్మకూరు కురుమల్లో మల్లప్ప పళ్లంత గట్టి పళ్లు మరొకరికి లేవు. రాతి ఉప్పు కొరికితే నిప్పురవ్వలు రాలిపడేవట! అయినా కులదేవుడు బీరప్పకు ఆ ఏడు చేయబోయే పండుగలో గొర్రెపిల్ల గొంతును పళ్లతో కొరికే గావు హక్కు, వాడికన్నా కొన్ని నెలలు చిన్నవాడైన చిన్నాన్న కొడుకు బీరన్నకు దక్కింది. పదిహేడేళ్ల మల్లప్పకు ఆనాటి నుంచి అన్నం సయించలేదు.

ఊరికి కొత్తగా వచ్చిన నర్సింహ అప్పటికే కుర్రాళ్లను గుట్ట మీద పోగేసి మేక నెత్తురు తాగిస్తున్నాడు. మల్లప్ప కూడా వాళ్లలో చేరాడు.

"గొర్రెను కొరుకుడు గొప్పనా? మనిషి నెత్తురు తాగినోడు రక్తపిశాచి అయితడు. వానికి సావు లేదు," అన్నాడు.

చావు సంగతి మల్లప్పకు పట్టలేదు. "బీరన్న కన్న పెద్దోణ్ణయితనా?" అని మాత్రం అడిగాడు.

పండుగ ముందురోజు మంద వెంట వచ్చిన బీరన్నను కుర్రాళ్లు బండ మీద అదిమిపట్టారు. "మల్లన్నా, నేనే!" అని అరుస్తున్నా మల్లప్ప వాడి మెడ కొరికాడు. తోటి కాపరులు పరుగెత్తుకొచ్చి విడిపించారు. నర్సింహతో సహా అందరినీ పోలీసులు పట్టుకుపోయారు.

పండుగ మరునాడు తల్లి గుర్వమ్మ ఠాణాకు సద్ది తెచ్చింది.

"గావు ఎవలు పట్టిన్రే అమ్మా?"

"తమ్ముని మెడ కొరికి గిదారా నువ్వడిగేది? వాడే పట్టిండు, మెడకు కట్టు కట్టుకొని. ఊరంత మొక్కింది."

"ఒక్క కాటుకే తెగిందా?"

"తెగింది."

మల్లప్ప సద్దిమూట ముట్టలేదు. గోడవైపు తిరిగి, పళ్లు పటపట కొరుకుతూ ఏడ్చాడు.