మావగారు చూసిన పాకం

మా మావగారిది ఉయ్యూరు దగ్గర పల్లె. నలభై ఏళ్లు బెల్లం వండిన చెయ్యి ఆయనది. పెళ్లయిన కొత్తలో అక్కడికెళ్లినప్పుడు, స్నేహితుడిచ్చిన జర్మన్ తరహా నల్ల బీరు స్టీలు గ్లాసులో పోసుకుని పెరట్లో చాటుగా తాగుతున్నాను. ఆయన వచ్చి, నురగ చూసి చెరకు పాకమనుకుని వేలు ముంచారు. బొటనవేలితో రాసి చూసి, నాలిక మీద వేసుకున్నారు.

“తీగ రాలేదు గానీ, ఇంత ముదురు పాకం మాడకుండా దించాడు. ఎవరండీ వండింది?”

“బీరండి, ఘాటు రకం,” అన్నాను తల దించుకుని.

ఆయన వచ్చి పక్కనే కూర్చుని, “మరి గుటుక్కున మింగేస్తారేంటండీ? నాలిక మీద నిలపండి,” అన్నారు.

నిలిపాను. కాలిన బెల్లం, వేయించిన గింజలు, చివర్న సన్నటి చేదు. అన్నాళ్లూ బీరు తాగానే గానీ రుచి చూడలేదని అప్పుడు తెలిసింది. నేర్పుతూ నేర్పుతూ గ్లాసు మాత్రం ఆయనే ఖాళీ చేశారు.