తెల్లది ఇంటికే

హైదరాబాద్‌ల ఒక పెద్ద హోటల్‌ల వడ్డించే పని నాది. ఏ వైన్ ఎట్లుంటదో చెప్పే పరీక్షల రెండుసార్లు ఫెయిలయిన. రెండుసార్లూ ఒకటే ప్రశ్న కాడ ఆగిపోయిన: ఎర్ర వైన్‌కు పేరుపడ్డ బోర్డో, రియోహా ప్రాంతాల తెల్ల వైన్లకు తేడా ఏంది? రేపు మూడోసారి రాస్తున్న. పాసయ్యేదాక ఇడిచిపెట్ట.

అందుకే రెండిట్లకెల్లి ఒక్కో తెల్ల సీసా నారాయణఖేడ్‌ల మా ఇంటికే తెచ్చుకున్న. మట్టి రంజన్ కుండల నీళ్లల్ల సల్లగ జేసి, ఇయ్యాల పగటాల స్టీలు గ్లాసుల్ల పోసి, ఒక్కో గుక్క పుక్కిలించి బకెట్‌ల ఉమ్ముతున్న. గప్పుడే మా అమ్మ చర్చి నుంచి వచ్చింది.

"తాగుతున్నవానే?"

"తాగుతలేనమ్మా, ఉమ్ముతున్న. గిది చదువు."

"కొని తెచ్చి ఉమ్ముడేందే!" ఉమ్ముతున్ననంటే ఇంకింత కోపమొచ్చింది ఆమెకు.

అయినా దగ్గరికొచ్చి, కందులు కొనేముందు చూసినట్టు రెండు గ్లాసులూ వాసన చూసింది. "గీదాంట్ల పచ్చిగడ్డి కోసిన వాసన. గాదాంట్ల కొత్త చెక్క పెట్టె వాసన." నా నోట్‌బుక్‌ల బోర్డోకు పచ్చిగడ్డి, రియోహాకు చెక్క అని గవే మాటలున్నయి. అవి రాసెతందుకు నాకు వారం పట్టింది.

"మరి గింత మంచిగుంటే వీటికి పేరెందుకు రాలేదమ్మా?"

"మనం ఎర్ర కందులు మార్కెట్‌కు తోలి, తెల్లయి ఇంట్లకు ఉంచుకుంటలేమా? ఆళ్లు గూడ గంతే."

రేపు పరీక్షల వాసనల తేడాతోని పాటు గది గూడ రాస్త. తప్పని మార్కులు కోస్తే మా అమ్మను తీస్కపోయి ఎదురుంగ నిలవెడ్త.

మీ ఇంట్ల మార్కెట్‌కు పోనియ్యకుండ దాసుకునేది ఏందో చెప్పుండ్రి.