సంగటి నాది, ఊరుబిండి అతనిది

ఉద్యోగం మానేశాక సొంతంగా కోడింగ్ నేర్చుకుని, తెలుగు టైపు చేసే ప్రోగ్రాం రాసి అందరికీ ఉచితంగా ఇచ్చాను. షరతు ఒక్కటే: దానికి ఏం జోడించినా ఆ కోడ్ కూడా నలుగురికీ ఇవ్వాలి.

ఈమధ్య తిరుపతిలో డీటీపీ వాళ్ల సభలో ఒక యువకుడు, నా ప్రోగ్రాంకు తగిలిస్తే టైపు తప్పులు దిద్దే ఫైలును అమ్మకానికి పెట్టాడు. లేచి కోడ్ అడిగాను.

"అది వేరే ఫైలు పెద్దాయనా. మీది నడిచేటప్పుడే వచ్చి కలుస్తాది. సంగటి మీది, దాంట్లోకి నంజుకునే ఊరుబిండి నాది. ఎట్ల నూరినానో మీకెందుకు చెప్పాల?" అన్నాడు.

సభంతా నవ్వింది.

"అయితే సంగటి తీసేసి వడ్డించప్పా, సూస్తాం" అన్నాను.

రోషంగా నా ప్రోగ్రాం తీసేసి తన ఫైలు నొక్కాడు. తెర మీద ఏమీ రాలేదు.

కోడ్ మాత్రం ఇప్పటికీ ఇవ్వలేదు. నా కంచంలో తింటూ తన గిన్నెకు మూత పెట్టుకునే మనిషిని, ఇన్నేళ్ల బతుకులో అతన్నే చూశాను.