సున్నా కింద రెండు

మా అమ్మాయికి ఎనిమిదో ఏటనే షుగరు వచ్చింది. రోజుకు రెండు ఇన్సులిన్ సూదులు. నెల తిరిగేసరికి సూది వేయడం నాకు అలవాటైంది కానీ, ముక్కు మీది కోపం మాత్రం దిగలేదు.

కొత్తగూడెంలో మాది గని కార్మికుల క్వార్టరు. నేను ఆఫీసుకు వెళ్తే ఇంట్లో మా అత్తమ్మ ఉండేది. మా వరుసలో ఫ్రిజ్ ఉన్నది మాకొక్కరికే. మందు సీసాను స్టీలు డబ్బాలో పెట్టి, పై అరలో, ఐసు గడ్డకట్టే గడికి ఆనించి ఉంచేదాన్ని. ఎంత చల్లగా ఉంటే అంత భద్రమనుకున్నాను.

ఎండలు ముదిరాక పిల్ల రక్తంలో చక్కెర పెరగసాగింది. మీటరులో మూడు వందలు, మూడు వందల యాభై, నాలుగు వందలు. చెంబులకొద్దీ నీళ్లు తాగేది, చూస్తుండగానే చిక్కిపోయింది. సూది తప్పడం లేదు, అన్నం కొలిచే పెడుతున్నాను, మరి ఈ చక్కెర ఎక్కడిది? దొంగచాటుగా తింటోందని తేల్చేశాను. బెల్లం డబ్బా అటకెక్కించాను. "తినలేదమ్మా" అని ఏడ్చినా నమ్మలేదు. వీపు మీద రెండు వేసి మూడోదానికి చెయ్యెత్తగానే తిన్నానని ఒప్పుకుంది. నా అనుమానమే నిజమైందని మురిసిపోయాను కూడా. ఆ పూట నుంచి దాని అన్నం సగానికి తగ్గించాను.

నాలుగో రోజు వాంతులు, ఆయాసం. దవాఖానాకు ఎత్తుకుని పరుగెత్తాం. డాక్టరమ్మ సెలైన్ పెట్టించి, తన దగ్గరున్న కొత్త ఇన్సులిన్ ఇచ్చాక గానీ పిల్ల కళ్లు తెరవలేదు. ఆమె నన్ను అడిగింది ఒక్కటే, మీ ఫ్రిజ్ ఎంత చల్లగా ఉంటుందని. నాకు తెలియదు. టీకాల ఫ్రిజ్‌లో అదనంగా ఉన్న థర్మామీటరు తెచ్చి నా చేతిలో పెట్టింది. రెండు డిగ్రీలకూ ఎనిమిదికీ మధ్య ఉండాలట. గడ్డకట్టిందా, ఆ మందు పనికిరాదట. ఫ్రిజ్ సంగతి తేలేదాకా పిల్లను ఇంటికి పంపేది లేదంది.

మర్నాడు పొద్దున పాత సీసా పక్కనే థర్మామీటరు పెట్టాను. ఎనిమిదింటికి నాలుగు చూపించింది. మనసు కాస్త కుదుటపడి, పిల్లకు జావ తీసుకుని వెళ్లాను. ఒంటిగంటకు తిరిగొచ్చి ఫ్రిజ్ తలుపు తెరిస్తే ఎర్ర గీత సున్నా కింద రెండు దగ్గర ఉంది. సీసాలో మందు తెల్లగా గడ్డకట్టింది. లోపల చల్లదనం పెంచే మీట చూశాను. మూడు మీద ఉండాల్సింది చివరి అంకె మీద ఉంది.

వెనక అత్తమ్మ నిలబడి ఉంది. గనిలో మొదటి షిఫ్టు దిగి వచ్చేవాళ్లను వాకిట్లోంచి పిలిచి మరీ చల్లటి నీళ్లివ్వడం ఆమెకు నోము లాంటిది.

"నేనే తిప్పిన బిడ్డా. బాయిల నుంచి ఎండిపోయి వస్తరు, సల్లటి నీళ్లు గావాలె గద. నువ్వొచ్చేయాళ్లకు మల్ల ఎనుకకు తిప్పుతుంటి."

రోజూ నేను ఆఫీసుకు వెళ్లగానే తిప్పేదట. నేనొచ్చేసరికి మందు మళ్లీ కరిగిపోయేది కాబట్టి గడ్డకట్టిన సంగతి నా కంటపడలేదు. నాతో ఎందుకు చెప్పలేదని అడగలేకపోయాను. ఆ మీట ముట్టుకుంటే ఫ్రిజ్ పాడవుతుందని ఎండలు మొదలవగానే ఇల్లెగిరిపోయేలా అరిచింది నేనే. సీసాను ఐసు గడికి ఆనించిందీ నేనే.

మందు డబ్బాను కింది అరలోకి మార్చి, మీట మూడు మీదికి తెచ్చి, దవాఖానాకు వెళ్లాను. పిల్ల దిండుకు ఆనుకుని కూర్చుంది. తల నిమురుతూ, మందే పాడైందని, దాని తప్పేం లేదని చెప్పాను. తర్వాత అడగకుండా ఉండలేకపోయాను.

"మరి బెల్లం తిన్ననని ఎందుకు చెప్పినవే?"

పిల్ల నా ముఖంలోకి చూడలేదు.

"ఒప్పుకుంటే కొట్టుడు ఆపుతవని."

నిజమే, ఆపాను. ఆపి, కంచంలో సగం అన్నం తీసేశాను.