కొత్త బండి మీద తొలి గీత

కొత్త బండి కొన్నవాడి చేతికి తాళాలు అందేలోపు దాని మీద ఒక గీత గీయకపోతే బాబాయికి అన్నం సహించదు. షోరూమ్‌లో అందరూ ఆయన్ని బాబాయి అనే పిలిచేవారు. ఆయన ఎదురుగా లేనప్పుడు గీతల బాబాయి అనేవారు. ఈ ఒక్క గుణానికి శిక్షగా యజమాని ఒకరోజు, ముందుగది నిండా కొనేవాళ్ళు ఉండగా, ఆయన కూర్చునే కుర్చీ తీయించేసి చేతికి రబ్బరు బూట్లు ఇచ్చాడు.

"రేపట్నుంచి వెనక షెడ్డులో బండ్లు కడగండి బాబాయ్. జనం కంటపడకండి," అన్నాడు.

ఆ యజమానికి అక్షరాలు రాని రోజుల నుంచీ, వాళ్ళ నాన్న హయాంలో, ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఆయన. బాబాయి బూట్లు తిప్పి చూసి, "ఒక సైజు చిన్నవి," అన్నాడు. అంతే.

యజమాని తెలివికి దండం పెట్టాలి. అక్కడ అమ్ముడైన ప్రతి బండీ కొన్నవాడి దగ్గరికి వెళ్ళేముందు కడిగించుకోవడానికి ఆ షెడ్డుకే వెళుతుంది. ముందుగదిలో ఉన్నప్పుడు బాబాయి నలుగురి కళ్ళూ కప్పి గీయాల్సి వచ్చేది. ఇప్పుడు తలుపు వేసుకుని, తీరుబడిగా గీసుకునే సౌకర్యం కుదిరింది.

వాళ్ళు అమ్మేవి చిన్న ఇంజన్ స్పోర్ట్స్ బండ్లు. ముందు నుంచి చూస్తే విమానానికి తమ్ముడిలా ఉంటాయి. చుట్టూ నిగనిగలాడే ప్యానెళ్ళు, కోపంగా చూసే లైట్లు, వంగి పట్టుకోవాల్సిన హ్యాండిల్. ఇంజన్ మాత్రం బుద్ధిమంతురాలు, కొత్తగా నేర్చుకునేవాడి మీద జాలి చూపిస్తుంది. అందుకే మొదటిసారి బండి కొనేవాళ్ళంతా వీటి కోసమే వచ్చేవారు. వచ్చినవాళ్ళంతా గీతతోనే తిరిగి వెళ్ళేవారు.

ఒక లెక్చరర్ ఈ సంగతి తెలిసి భూతద్దం వెంట తెచ్చుకున్నాడు. ట్యాంకు మీద, వెనక సీటు కింద, చక్రాల చువ్వల మీద గాలిస్తున్నాడు. ఆయన అవస్థ చూడలేక బాబాయి, "అక్కడ కాదు సార్, ఎడమ పక్క, మోకాలి దగ్గర," అన్నాడు.

"మీకెలా తెలుసు?"

"గీసింది నేనేగా."

అక్కాచెల్లెళ్ళిద్దరు కలిసి ఒక బండి కొనుక్కుంటే దాని మీద రెండు గీతలు కనబడ్డాయి. పెద్దమ్మాయి కళ్ళలో నీళ్ళు పెట్టుకుని, "ఒకటి సరిపోలేదా బాబాయ్?" అని అడిగింది. "ఇద్దరూ నడుపుతారు కదమ్మా," అన్నాడాయన, ఎవరికీ తక్కువ చేయనివాడిలా.

రెండో బండి, మూడో బండి కొనేవాళ్ళ జోలికి మాత్రం ఆయన వెళ్ళేవాడు కాదు. ఎందుకని ఎవరూ అడగలేదు. తిట్టడానికి వచ్చినవాళ్ళకి అడిగే తీరిక ఎక్కడిది.

ఇలా సాగుతుండగా అక్కడికి ఒక టైలర్ వచ్చాడు. కుర్రవాడు, పనిమంతుడు, వస్తువు అంటే ప్రాణం పెట్టే రకం. అతని ఇంట్లో రిమోట్‌కి కవరు, కుర్చీలకి కవరు, ఇస్త్రీ పెట్టెకి కవరు. "నన్నొక్కదాన్నే ఎందుకు వదిలేశావో," అని పెళ్ళాం దెప్పుతూ ఉండేది. అలాంటివాడు ఎర్ర రంగు బండి ఒకటి కొన్నాడు. షెడ్డు నుంచి బయటికి రాగానే చుట్టూ తిరిగి చూసుకున్నాడు. ఎడమ పక్క ప్యానెల్ మీద వడ్లగింజంత గీత.

టైలర్ తిట్లు మొదలుపెట్టాడు. ఇక ఆగలేదు.

"నువ్వు మనిషివేనా? నీకు నేనేం అపకారం చేశాను? కోటు కుట్టి ఇచ్చేముందు కత్తెరతో ఒక చీలిక పెట్టి ఇస్తే ఊరుకుంటావా నువ్వు?"

"కోటు వేసుకుని ఎవరూ కింద పడరు కదా," అన్నాడు బాబాయి, పైపు చుట్టుకుంటూ.

కేకలకి యజమాని పరుగెత్తుకొచ్చాడు. టైలర్‌ని పక్కకి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. "ఈయన్ని పంపించేద్దామని నాకూ ఉంది. మా నాన్న ఒప్పుకోవడం లేదు. కొన్నవాళ్ళెవరైనా నోరు తెరిచి చెబితే చూద్దాం అంటాడు. అందరూ తిట్టి వెళ్ళిపోతారు తప్ప ఆయన ముందు చెప్పరు. సోమవారం నాన్న ఇక్కడికి వస్తాడు. మీరు వచ్చి ఒక్క మాట చెప్పండి చాలు, సాయంత్రానికి ఈయన ఇంట్లో ఉంటాడు. మీకు కొత్త ప్యానెల్ నేను వేయిస్తాను."

"తప్పకుండా వస్తాను," అన్నాడు టైలర్.

మధ్యలో ఆదివారం వచ్చింది. టైలర్ బావమరిది కూడా అదే బండి, అదే రంగు, వేరే ఊళ్ళో కొన్నాడు. దాని మీద గీతా లేదు, గాటూ లేదు. ఆ మాట అతను దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. ఇద్దరూ కలిసి ఊరి చివర మూతపడ్డ గోదాము ముందున్న సిమెంటు మైదానంలో నేర్చుకోవడానికి వెళ్ళారు.

ఈ బండ్ల హ్యాండిల్ మామూలు బండిలా పూర్తిగా తిరగదు. నెమ్మదిగా వెనక్కి మళ్ళించేటప్పుడు కొత్తవాడు కంగారుపడి ముందు బ్రేకు నొక్కాడంటే బండి ఉన్నచోటే ఒరిగిపోతుంది. టైలర్ సరిగ్గా అదే చేశాడు. బండి ఎడమ పక్కకి వాలింది. అతని చూపు తిన్నగా ఆ గీత మీద పడింది. ఎలాగూ చెడిపోయిందేగా, పోతే పోనీ అనిపించింది. చేతులు వదిలేసి పక్కకి గెంతాడు. బండి దబ్బున పడింది. ప్యానెల్ మీద జానెడు చార పడింది, అంతకుమించి ఏమీ కాలేదు.

"అలా వదిలేస్తావేంటి బావా? బండిని పడనివ్వకూడదు. చూడు, నేను తిప్పి చూపిస్తాను," అన్నాడు బావమరిది.

చూపించాడు. అతనిదీ అలాగే ఒరిగింది. "అయ్యో నా బండి," అంటూ కాలు అడ్డం పెట్టాడు. మనిషి కంటే రెండింతలు బరువున్న బండి వచ్చి ఆ కాలి మీద కూర్చుంది. బండికి చిన్న గాటు కూడా పడలేదు. చీలమండ రెండు ముక్కలైంది.

ఆసుపత్రి వసారాలో టైలర్ పెళ్ళాం తమ్ముడి కాలికి కట్టిన కట్టు చూసి, మొగుడి కాళ్ళకేసి చూసింది.

"మరి నీ కాలు బానే ఉందేం?"

"బండి వదిలేశాను."

"నువ్వా? సీసా మూత కూడా వదిలిపెట్టవు, నువ్వు బండి వదిలేశావా?"

టైలర్ మిషను తొక్కే తన ఎడమకాలిని ఒకసారి కదిపి చూసుకున్నాడు. ఆ కాలు ఆడితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

సోమవారం అతను చెప్పినట్టే వెళ్ళాడు. యజమాని దగ్గరికి కాదు, షెడ్డుకి.

"బాబాయి గారూ, మీరు గీసేది ఇందుకేనా?" అని మైదానంలో జరిగిందంతా చెప్పాడు.

బాబాయి కుళాయి కట్టేశాడు. "ఎడమ పక్కకే పడింది కదా. ఎక్కువమంది అటే పడతారు."

"ఈ మాట కొనేటప్పుడే చెప్పొచ్చుగా?"

"ముందర్లో చెప్పేవాణ్ణి. అందరూ తల ఊపేవాళ్ళు. పడేటప్పుడు ఆ తల పనిచెయ్యదు బాబూ, కొత్త బండి మీద ప్రేమ పనిచేస్తుంది. వెళ్ళి కాలు అడ్డం పెడతారు. అందుకని ఆ ఏడుపేదో బండి రోడ్డెక్కక ముందే అయిపోవాలి."

"మరి మిమ్మల్ని ఇంతమంది ఇన్ని మాటలు అంటుంటే?"

"అననీ. తిట్టకుండా వెళ్ళినవాడికి ఆ దిగులు లోపలే ఉండిపోతుంది. నా మీద కక్కేసి వెళితే తేలిగ్గా ఉంటాడు. నువ్వు బాగా తిట్టావు. నీ గురించి నాకు బెంగ లేదు."

టైలర్ లోపలికి వెళ్ళేసరికి ఏసీ గదిలో పెద్దాయన, ఆయన కొడుకు ఇద్దరూ కూర్చుని ఉన్నారు. "చెప్పండి, మా నాన్నకి మీ నోటితోనే చెప్పండి," అన్నాడు కొడుకు ఉత్సాహంగా.

టైలర్ మైదానంలో రెండు బండ్లూ ఎలా పడ్డాయో, ఎవరి కాలు ఏమైందో వరసగా చెప్పాడు. చివర్లో, "ప్యానెల్ మార్చొద్దు. ఇంకో నెల్లో మా మరదలు కూడా బండి కొంటుంది. దాన్ని ఈయన చేతే కడిగించండి," అన్నాడు.

పెద్దాయన కొడుకు వైపు చూశాడు. కొడుకు టేబులు మీద ఉన్న పెన్నుని చూశాడు. తర్వాత బాబాయిని ముందుగదికి వచ్చేయమని కబురు పెట్టారు. ఆయన రానన్నాడు. షెడ్డులో నీళ్ళ చప్పుడుకి తిట్లు సగమే వినిపిస్తాయట, ప్రాణానికి హాయిగా ఉందట. సరైన సైజు బూట్లు మాత్రం అడిగి తీసుకున్నాడు.

వయసు మీదపడి బాబాయి పని మానేశాక టైలర్‌కి చాలాకాలం కనబడలేదు. ఒకరోజు పొద్దున్నే అతని దుకాణం ముందుకి ఒక చిన్న ఇంజన్ స్పోర్ట్స్ బండిని చేత్తో తోసుకుంటూ వచ్చాడు. నీలం రంగు, కొత్తది. అద్దాల మీద ఇంకా కాగితం అంటించే ఉంది. జీవితమంతా జనం బండ్ల మీద గీతలు గీసిన మనిషి తనకంటూ కొనుక్కున్న మొదటి బండి అది.

"ఎక్కకుండా తోసుకొస్తున్నారేం బాబాయి గారూ?"

బాబాయి స్టాండు వేసి, బండి ఎడమ పక్కకి వెళ్ళి, మోకాలి దగ్గర చొక్కా అంచుతో దుమ్ము తుడిచాడు. అక్కడ ఇంకా ఏమీ లేదు. కాస్త సిగ్గుపడ్డట్టు ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"గీద్దామని మూణ్ణాలుగు సార్లు కూర్చుని చూశాను, నాకు చేతులు రావడం లేదయ్యా. నువ్వు గీసెయ్యి. నేను నోటికొచ్చినట్టు తిడతాను, మనసులో పెట్టుకోకు."